స్విచ్‌బోర్డుకు నాలుగు వేళ్లు పైన

ఆ ఆదివారం పొద్దున ప్రేమ్‌రాజ్ అబద్ధం ఆడదామని నిద్ర లేవలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, తర్వాత అతన్ని తిట్టడానికి గల్లీలో చాలామందే తయారయ్యారు. లేచి, స్నానం చేసి, తలకు నూనె రాసుకుని గడప మీద కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. అతను బస్సు డిపోలో మెకానిక్. గోళ్లలో గ్రీజు లేకుండా ఛాయ్ తాగే యోగం వారానికి ఒక్కరోజే. సరిగ్గా అప్పుడే కూతురు సుజన టేపు, సుద్దముక్క, పరీక్ష అట్ట పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాపు, ఆ ఏడు నీళ్లు మనింట్ల ఎంత దాక వచ్చినయ్?"

ఆ ఏడంటే ఏ ఏడని ఉప్పుగూడలో ఎవరూ అడగరు. ఐదేళ్ల కింద, అక్టోబరులో, ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసిన వాన. సుజనకు అప్పుడు తొమ్మిదేళ్లు. కార్వాన్‌లో అమ్మమ్మ ఇంటికి పోయి అక్కడే చిక్కుకుపోయింది కాబట్టి ఆ నీళ్లను కళ్లతో చూడలేదు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. బడిలో సైన్సు చెప్పే డానియేలు సారు ఈమధ్య పిల్లలకు రోబోల పిచ్చి ఎక్కించాడు. బడిపిల్లల రోబోల పోటీ ఒకటి ఉంది, ఈసారి దానికి ఇచ్చిన అంశం విపత్తులో జనాన్ని కాపాడటం. భూకంపమైనా సరే, తుఫానైనా సరే, అగ్గి అయినా సరే, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు. పాతబస్తీలో పుట్టి సముద్రపు తుఫాను గురించి మనకేం తెలుసే అనుకుని సుజన, ఆమె జోడీ ప్రీతి వరదను ఎంచుకున్నారు.

వాళ్ల రోబో చూడటానికి చేపలు అమ్మే డబ్బాలా ఉండేది. థర్మకోల్ పెట్టె, అడుగున ఆటకార్లలోంచి పీకిన రెండు మోటార్లు, నీళ్ల సీసా కోసి చేసిన తెడ్లు. అది నీళ్ల మీద తేలుతూ గల్లీ వెంట పోవాలి. ఎంత లోతుందో చూసుకుని, ఏ ఇల్లు ఎంత మునగబోతుందో లెక్కగట్టి, ఆ ఇంటి ముందు ఆగి కేకేయాలి. ఆ కేక ప్రేమ్‌రాజ్ తల్లి కృష్ణమ్మది. "లేవుండ్రి, నీళ్లొస్తున్నయ్, సామాను పైన పెట్టుండ్రి" అని ఫోనులో చెప్పమంటే, ముసలమ్మ ముందు తన పేరు, మొగుడి పేరు, ఇంటి నంబరు చెప్పుకుని ఆ తర్వాత అసలు మాట చెప్పింది. పిల్లలు ముందు భాగం కత్తిరించేసుకున్నారు.

అయితే ఏ ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో రోబోకు ముందే నేర్పి పెట్టాలి. అందుకని ఇల్లిల్లూ తిరిగి కొలవాలి. కొలిచిన అంకె పక్కన ఆ ఇంటివాళ్ల సంతకం ఉండాలని పోటీ నిబంధన.

నిజం చెప్పాలంటే నీళ్లు ప్రేమ్‌రాజ్ ఇంట్లోకి మోకాలి దాకా వచ్చాయి. కృష్ణమ్మ రెండు రోజులు మంచం మీదే కూర్చుంది, తిన్నదీ అక్కడే, మంచం పట్టె మాత్రం తడవలేదు. కానీ ఆ నిజం పక్కనే ఇంకో నిజం కూడా ఉంది. కింద గల్లీ పల్లం. అక్కడ నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి, వాళ్లకు వరద సాయం అందింది. వీళ్ల గల్లీకి నష్టం రాసుకోను వచ్చిన మనిషి గడప కూడా దాటలేదు. బయటినుంచే తొంగిచూసి, "మీకేం కాలేదు" అని రాసుకుని పోయాడు. మోకాటి నీళ్లు చాలు, ఇంట్లో బియ్యం పోవడానికి. పరుపు పోయింది, ఫ్రిజ్జు పోయింది, ప్రేమ్‌రాజ్ భార్య స్వరూప కుట్టుమిషను తుప్పు పట్టి మూలకు చేరింది. ఆ "మీకేం కాలేదు" అన్న మాట ప్రేమ్‌రాజ్ గొంతులో ఐదేళ్లుగా ముల్లులా ఉండిపోయింది.

అతను అట్ట మీది కాగితాన్ని చూశాడు. పైన గుండ్రటి ముద్ర, కింద గళ్లు. ఇంటి నంబరు, యజమాని పేరు, నీరు చేరిన ఎత్తు, సంతకం. ఇలాంటి గళ్ల కాగితం ఎప్పటికైనా ఏదో ఒక ఆఫీసుకు చేరుతుందని, చేరితే ఈసారైనా న్యాయం జరుగుతుందని అతనికి అనిపించింది. ఛాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. లోపలికి పోయి గోడ మీద స్విచ్‌బోర్డుకు నాలుగు వేళ్లు పైన చెయ్యి ఆనించాడు.

"గింత దాకనా?" అంది సుజన.

"గంతే" అన్నాడు.

మంచం మీంచి కృష్ణమ్మ తల ఎత్తింది. "గంత దాక వస్తే నేను మంచం మీద కూసున్ననా, పడవల కూసున్ననా?" అంది. స్వరూప కళ్లతోనే అత్తను వారించింది. ముసలమ్మకు మతిమరుపని సుజనతో చెప్పారు. సుజన గోడ మీద సుద్దగీత గీసి అంకె రాసుకుంది.

విషయం అక్కడితో ఆగితే ఒక ఇంటి అబద్ధంగా మిగిలిపోయేది. కానీ ఎదురింటి దుర్గయ్య చూశాడు. దుర్గయ్య మేస్త్రీ. నలభై ఏళ్లుగా పాతబస్తీలో గోడలు లేపినవాడు, వంకర గీత కంటబడితే అన్నం సయించదు. వచ్చి గీత చూసి, తన ఇంటి వైపు చూసి నవ్వాడు.

"నీ ఇంట్ల గీడి దాక వచ్చి నా ఇంట్లకు రాలేదంటే ఎవడన్న నమ్ముతడా ప్రేమ్‌రాజ్? రాసేదుంటే అందరిది ఒక్క తీరుగ రాయాలె."

ఇంట్లోకి పోయి తన లెవల్ పైపు పట్టుకొచ్చాడు. అద్దంలా తేటగా కనిపించే సన్నని గొట్టం, నిండా నీళ్లు. ఒక కొసను ఈ గోడ మీది గీతకు ఆనిస్తే, రెండో కొసలో నీళ్లు ఎక్కడ ఆగితే అక్కడ ఎదుటి గోడకు సరిసమానమైన మట్టం. మేస్త్రీలు పునాదులన్నీ అలాగే చూస్తారు, దాన్ని మించిన యంత్రం లేదని దుర్గయ్య అభిప్రాయం. మధ్యాహ్నానికల్లా ప్రేమ్‌రాజ్ గోడ మీది గీత ఇరవై మూడు ఇళ్లకు పాకింది. సుద్ద చెరిగిపోతుందని దుర్గయ్య ఎక్కడో పనిలో మిగిలిన నీలం పెయింటు డబ్బా తెరిచాడు. ఒకరిద్దరు తమ ఇంట్లో ఇంకో బెత్తెడు పైన గీయమని బతిమాలారు. దుర్గయ్య ఒప్పుకోలేదు, పైపులో నీళ్లు ఎక్కడ ఆగితే అక్కడే గీశాడు. ఒక్క అబద్ధాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా గల్లీ అంతా పంచుకున్నారు. ఆ రోజు గల్లీలో ఉన్న హుషారు చూస్తే బోనాలప్పుడు కూడా అంత లేదనిపించింది. సంతకాల దగ్గర ప్రేమ్‌రాజ్, డిపోలో అలవాటైన చెయ్యి కదా, పేరు కింద మెకానిక్ అని, దాని కింద స్టాఫ్ నంబరు కూడా వేశాడు.

మూడు రోజుల తర్వాత సుజన నోటు పుస్తకం పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది. ముఖంలో ఏదో తేడా ఉంది.

"బాపు, దుర్గయ్య తాత పైపుతోని స్టేషన్ దాక కొలిచినం. మన గీత ప్లాట్‌ఫాం కంటే జానెడు ఎత్తున్నది. అంటే ప్లాట్‌ఫాం మునగాలె గద?"

ఆ రెండు రోజులూ కింద గల్లీ జనం చద్దర్లు పరుచుకుని పడుకున్నది ఆ ప్లాట్‌ఫాం మీదే. వాళ్లకు పులిహోర పొట్లాలు మోసుకుపోయిన వాళ్లలో ప్రేమ్‌రాజ్ కూడా ఉన్నాడు. ఇప్పుడు చెప్పేస్తే అయిపోయేది. కూతురితో ఒక్క మాట, నవ్వుతూ అయినా సరే. కానీ ఇరవై మూడు ఇళ్ల సంతకాలు ఆ అట్ట మీద ఉన్నాయి, మొట్టమొదటిది తనది.

"ప్లాట్‌ఫాం సంగతి నీకెందుకు? ఇండ్ల సంగతి రాస్కో" అన్నాడు.

సుజన పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది.

పోటీ మూసీ అవతల ఒక కాలేజీ హాల్లో జరిగింది. ప్రేమ్‌రాజ్ సెలవు పెట్టాడు. దుర్గయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో లెవల్ పైపు చుట్ట పెట్టుకుని వచ్చాడు, ఎందుకైనా మంచిదని. పెద్ద బడుల పిల్లలు తెచ్చిన రోబోలకు చేతులున్నాయి, కెమెరాలున్నాయి, ఒకదానికి రెక్కలు కూడా ఉన్నాయి. ఉప్పుగూడ రోబో ప్లాస్టిక్ తొట్టిలో అట్టముక్కల ఇళ్ల మధ్య పోతూ మూడో ఇంటి దగ్గర ఇరుక్కుంది. ప్రీతి పుల్లతో పొడిస్తే మళ్లీ కదిలింది. కృష్ణమ్మ గొంతు "లేవుండ్రి" అనగానే హాలంతా నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు. రోబోకు అక్కడ అంతకంటే మర్యాద దక్కలేదు. కానీ న్యాయనిర్ణేతలు పిల్లలు గీసి పక్కన పెట్టిన గల్లీ నక్షా ముందు చాలాసేపు నిలబడ్డారు. ఇరవై మూడు ఇళ్లు, ప్రతి ఇంటికీ ఒక ఫోటో, ఫోటోలో నీలం గీత, కింద సంతకం. ఇంత శ్రద్ధగా కొలిచిన పిల్లల్ని చూడలేదన్నారు. క్షేత్ర అధ్యయనానికి మొదటి బహుమతి ఉప్పుగూడకు వచ్చింది.

అతిథిగా వచ్చిన ఒక అధికారి ఆ నక్షా వైపు వంగి చూసి, ఇది ఏ పరికరంతో కొలిచారని అడిగాడు. దుర్గయ్య ముందుకొచ్చి పైపు విప్పి, అక్కడికక్కడే రెండు కుర్చీల మట్టం తీసి చూపించాడు. అధికారి తల ఊపాడు. నక్షా నకలు ఒకటి కావాలన్నాడు. డానియేలు సారు సంతోషం పట్టలేక ఆ సాయంత్రమే పంపేశాడు. ఆయన ఈ బడికి వచ్చి ఏడాదే అయింది. గల్లీలో నిజంగా ఎన్ని నీళ్లు వచ్చాయో ఆయనకు తెలిసే దారి లేదు.

"చూసినవా మామా, మన కాగితం పైకి పోయింది" అన్నాడు ప్రేమ్‌రాజ్ దుర్గయ్యతో. వచ్చేటప్పుడు గల్లీకంతటికీ జిలేబీ తెచ్చాడు. తన జీవితంలో అంత తీపి రోజు ఇంకోటి ఉందా అంటే, పాపం, అతనికి గుర్తు లేదు.

నెల దాటాక ఆఫీసు మనుషులొచ్చారు. గల్లీ అంతా బయటికి వచ్చింది. కుర్చీలు వేశారు, స్వరూప ఛాయ్ పెట్టింది, ఎవరికి ఏమేం పోయాయో చెప్పడానికి ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. వచ్చినవాళ్లు ఏం పోయాయని అడగలేదు. ఒక్కో ఇంట్లోకి పోయి నీలం గీతను ఫోటో తీసుకుని, బయట గోడ మీద ఎర్ర రంగుతో అంకె వేశారు. ప్రేమ్‌రాజ్ ఇంటికి ఏడు వచ్చింది. అంకె వేసినందుకు కూడా అతను సంతోషించాడు.

నాలుగో రోజు తలుపులకు నోటీసులు అంటించారు. దుర్గయ్యకు చదువు రాదు. ప్రేమ్‌రాజ్ చదివి వినిపించాలి. మొదటి పేరా దగ్గరే ఆగి, అతను మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈ ఇళ్లన్నీ పాత కుంట నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు లోపల ఉన్నాయి. హద్దుకు రుజువు, నివాసులే స్వయంగా గుర్తించి సంతకం చేసిన వరద మట్టం. ఆ హద్దులో ఇళ్లు ఉండటం చట్టవిరుద్ధం, ముప్పై రోజుల్లో ఖాళీ చేయాలి.

అక్కడొక కుంట ఉండేదని అందరికీ తెలుసు. అది కింద గల్లీతో అయిపోయిందని కూడా అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఏడో నంబరు ఇంటి ముందు లొల్లి మొదలైంది. సంతకం పెట్టిన చేతులన్నీ ఇప్పుడు వేళ్లు చూపించాయి. కొందరు పిల్ల చదువు వల్లే కొంపలు మునిగాయన్నారు. సుజన తలుపు వెనకనుంచి అంతా విన్నది. ప్రేమ్‌రాజ్ బయటికొచ్చి, బిడ్డను ఒక్క మాట అనొద్దని, మొదటి గీత తనదేనని, తనే పోయి చెప్పుకుంటానని అన్నాడు. ఎవరైనా వెంట వస్తారా అని అడిగాడు. తప్పు చెప్పామని ఆఫీసులో పేరు రాసివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. దుర్గయ్య మాత్రం ఇంట్లోకి పోయి పైపు తెచ్చాడు.

ఈసారి మట్టం కృష్ణమ్మ మంచం పట్టె నుంచి తీశారు. ముసలమ్మ ఆ రోజు కూర్చున్నట్టే కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని, నీళ్లు ఇక్కడ ఆగాయి నాయనా అని పట్టె కింద వేలు పెట్టి చూపింది. అక్కణ్నుంచి బొగ్గుతో గీత, మోకాలి ఎత్తున, ఇరవై మూడు ఇళ్లకు. దుర్గయ్య గీత ఈసారీ వంకర పోలేదు. సుజన ఒక్కో గోడను ఫోనులో ఫోటో తీసింది. ఇది ఎందుకని ఆమె అడగలేదు. అడుగుతుందేమోనని ప్రేమ్‌రాజ్ ఆ పూటంతా భయపడుతూనే ఉన్నాడు.

మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని నోటీసు ఇచ్చిన ఆఫీసుకు పోయాడు. పోటీకి వచ్చిన ఆ అధికారి ఆమెను గుర్తుపడతాడని ఆశ.

గుర్తుపట్టాడు కూడా. చెడ్డమనిషి కాదు. సుజనకు కుర్చీ వేయించి, మీ నానమ్మ గొంతు బాగుందమ్మా అన్నాడు. ప్రేమ్‌రాజ్ నిలబడే చెప్పాడు. ఫోను చేతికిచ్చి బొగ్గు గీతలు చూపించాడు.

"ఇది ఎప్పుడు గీశారు?"

"నిన్న సార్."

"నీలం గీత?"

అధికారి ఫైలు తెరిచి ఆ ఫోటోను, ఈ ఫోనును పక్కపక్కన పెట్టాడు. నోటీసు వచ్చినవాళ్లందరూ హద్దు తప్పనే అంటారని, నోటీసు రాకముందు గీసిన గీతనే కోర్టు చూస్తుందని మెల్లగా చెప్పాడు. కుంట పాత నక్షాలో హద్దు సగం చెరిగిపోయిందట. కింద గల్లీతోనే ఆగిపోయిందని ఆఫీసువాళ్లు కూడా అనుకున్నారట. పై గల్లీ వాళ్లే చూపించేదాకా.

"గది అబద్ధం సార్. నేనే చెప్పిన. గల్లీకి కూడ నేనే చెప్పించిన. రాసిస్త."

అధికారి తెల్లకాగితం, పెన్ను ముందుకు జరిపాడు. "రాయి. కానీ ఒకటి విను. స్టాఫ్ నంబరు వేసి సంతకం పెట్టావు. అది ఇప్పుడు మా ఫైల్లో ఉంది. తప్పు చెప్పానని రాస్తే డిపోకు కాగితం పోతుంది, ఉద్యోగం ఉంటుందో లేదో నేను చెప్పలేను. రాసినా హద్దు మారుతుందని కూడా చెప్పలేను."

ప్రేమ్‌రాజ్ పెన్ను తీసుకున్నాడు. ఇరవై ఏళ్ల నౌకరీ. దాని మీదే స్వరూప వంట, తల్లి మందులు, సుజన ఫీజు. అయినా రాయాలనే వచ్చాడు. తేదీ వేశాడు. కింద "నేను" అని రాసి ఆగాడు, తర్వాతి మాట ఎలా మొదలుపెట్టాలో తోచక.

అధికారి సుజన వైపు తిరిగాడు. "కొలిచింది నువ్వు కదమ్మా. నువ్వు చెప్పు. నీళ్లు అంత దాకా వచ్చాయా?"

సుజన తండ్రి ముఖం చూడలేదు. అతని చేతిలో పెన్ను చూసింది.

"వచ్చినయ్ సార్" అంది. "మూడుసార్లు కొలిచిన."

అధికారి ప్రేమ్‌రాజ్ వేళ్ల మధ్యనుంచి పెన్ను తీసుకుని మూత పెట్టాడు. ఫైలు మూశాడు.

బస్టాపులో ఎండ మండిపోతోంది. ప్రేమ్‌రాజ్, ఎందుకట్ల చెప్పినవ్ బిడ్డా అన్నాడు.

"నౌకరీ గూడ పోతే నాయనమ్మను ఏడికి తీస్కపోతం?" అంది సుజన. కొంచెం ఆగి, నేల వైపు చూస్తూ, "ప్లాట్‌ఫాం మునగలేదని నాకు అప్పుడే ఎరుక బాపు. స్టేషన్ల ఛాయ్ అమ్మే తాతను అడిగిన" అంది.

"మరి ఎందుకు రాసినవ్?"

"నువ్వు సంతకం పెట్టినవ్ గద."

ప్రేమ్‌రాజ్‌కు కూతురి తల మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేకపోయాడు. ఆ చేత్తోనే గదా స్విచ్‌బోర్డు పైన చూపించింది అనుకున్నాడు. ఆ రోజు నోటు పుస్తకం మూసుకుని పోయిన పిల్లను వెనక్కి పిలిచి ఉంటే ఇల్లు ఉండేది. ఇల్లు లేకపోయినా కనీసం ఈ పిల్ల ఇవాళ అబద్ధం చెప్పే అవసరం ఉండేది కాదు. ఏడుపు వచ్చింది. రోడ్డు మీద మగవాడు ఏడవకూడదని ముఖం తిప్పుకుని, దూరంగా వస్తున్న బస్సు క్లచ్చు చప్పుడు వింటున్నట్టు నిలబడ్డాడు.

బస్సెక్కారు. కండక్టరు ప్రేమ్‌రాజ్ స్టాఫ్ కార్డు చూసి నమస్తే అన్నా అని పలకరించి, మిషను సరిచేసుకుంటూ ఎక్కడికని అడిగాడు. ప్రేమ్‌రాజ్ కార్డు జేబులో పెట్టుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

"ఉప్పుగూడ" అంది సుజన.